మపెట్లలో ఏది చూడాలి? 2015 సిరీస్ తరఫున ఒక వకాల్తా

చేత్తో ఆడించే అమెరికన్ బట్టబొమ్మల గుంపు మపెట్ల పేరు విని, ఒకసారి చూద్దామని కూర్చున్నవారికి మొదటి చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. ఆకుపచ్చ కప్ప కర్మిట్, తనను మించిన తార లేదనుకునే పంది మిస్ పిగ్గీ, పేలని జోకులనే నమ్ముకుని బతికే ఎలుగుబంటి ఫాజీ, ఏ జాతి ప్రాణో ఎవరికీ అంతుపట్టని గాంజో. ఈ గుంపు 1976లో సొంత టీవీ కార్యక్రమంతో వచ్చింది. అది ముగిశాక 1996లో, 2015లో, 2020లో, 2023లో మళ్లీ మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కొత్త వేషమే, ప్రతిసారీ కొద్దిరోజుల కాపురమే.

నా తీర్పు ముందే చెబుతాను. పిల్లలతో కలిసి చూసేవారికి 1976 నాటి మూలాన్ని మించింది లేదు. ఒక్కరే కూర్చుని చూసే పెద్దవాళ్లకు మాత్రం పదహారు ఎపిసోడ్లతో ఆగిపోయిన 2015 నాటి 'ది మపెట్స్' మంచి ఎంపిక. ఈ మాట అంటే మపెట్ల వీరాభిమానుల్లో సగం మంది కొట్టడానికి వస్తారని తెలుసు. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

మూలం ఎలా ఉంటుంది?

'ది మపెట్ షో' 1976 నుంచి 1981 దాకా ఐదు సీజన్లు, 120 ఎపిసోడ్లు నడిచింది. సృష్టికర్త జిమ్ హెన్సన్ అమెరికా వాడే అయినా అక్కడి పెద్ద నెట్‌వర్కులు ఆయనను నమ్మలేదు. బొమ్మలంటే పిల్లలకేనన్నది వాళ్ల లెక్క. బ్రిటన్‌లో ఏటీవీ అనే టీవీ సంస్థ అధిపతి ల్యూ గ్రేడ్ డబ్బు పెట్టడంతో లండన్ శివార్లలోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో చిత్రీకరణ జరిగింది. పాత నాటకశాల, వేదిక మీద పాటలు, ఆటలు, వారానికొక ప్రముఖ అతిథి, తెర వెనక గందరగోళం, బాల్కనీలో కూర్చుని అన్నింటికీ వంకలు పెట్టే ఇద్దరు ముసలివాళ్లు స్టాట్లర్, వాల్డార్ఫ్. ఇదీ దాని చట్రం.

దాని బలమూ బలహీనతా ఒక్కటే: ప్రతి ఎపిసోడూ విడివిడి ముక్కల కూర్పు. హ్యారీ బెలాఫాంటే వచ్చిన ఎపిసోడ్ వంటివి ఈనాటికీ చెక్కు చెదరలేదు. చివరలో ఆయన ఆఫ్రికన్ ముసుగుల్లాంటి బొమ్మల మధ్య నిలబడి పాడిన పాట ఒక్కటి చూసినా ఈ కళ ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది. కానీ అలనాటి అతిథుల్లో సగం మంది ఇప్పటి ప్రేక్షకుడికి ముక్కూ మొహం తెలియనివారు. కొన్ని అంకాలు నిజంగానే పాతబడ్డాయి. ఇరవై ఎపిసోడ్లు ఏరుకుని చూస్తే అమృతం, 120 వరసగా చూస్తే పారాయణం.

2015లో ఏం చేశారు?

2004లో డిస్నీ మపెట్లను కొన్నది. 2011లో తీసిన సినిమాకు మంచి పేరు వచ్చింది, అందులోని ఒక పాటకు ఆస్కార్ కూడా దక్కింది. 2014లో వచ్చిన తరువాతి సినిమా అంతగా ఆడలేదు. ఆ స్థితిలో ఏబీసీ నెట్‌వర్క్ కోసం బిల్ ప్రేడీ, బాబ్ కుషెల్ కలిసి కొత్త సిరీస్ రాశారు. ప్రేడీని 'బిగ్ బ్యాంగ్ థియరీ' సృష్టికర్తల్లో ఒకరిగా చాలామందికి తెలుసు. అంతకు చాలా ముందే ఆయన హెన్సన్ దగ్గర పనిచేసినవాడు. బయటి నుంచి వచ్చి బొమ్మలను పాడుచేశాడన్న నింద ఆయనకు అసలు వర్తించదు.

కథ సింపుల్. మిస్ పిగ్గీ ఒక అర్ధరాత్రి టాక్ షోకు వ్యాఖ్యాత. కర్మిట్ ఆ షోకు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ఇద్దరూ ప్రేమించుకుని విడిపోయారు, అయినా రోజూ ఒకే ఆఫీసులో ఒకరి ముఖం ఒకరు చూడాలి. ఫాజీ పిగ్గీ పక్కన నిలబడి ప్రేక్షకులను నవ్వించాలి. గాంజో, ఎలుక రిజ్జో, రొయ్య పేపే రచయితలు. అతిథులను పట్టుకొచ్చే పని స్కూటర్ అనే కుర్రబొమ్మది. నెట్‌వర్క్ తరఫున అశ్లీలం మీద కత్తెర పట్టుకుని తిరిగేది డేగ సామ్. కుక్క రౌల్ఫ్ ఎదురుగా బార్ నడుపుతాడు, పని అయ్యాక అందరూ అక్కడ తేలతారు. కెమెరా వీళ్ల వెంట డాక్యుమెంటరీ తీస్తున్నట్టు తిరుగుతుంది, మధ్యమధ్య ఒక్కొక్కరూ కెమెరా వైపు తిరిగి గోడు వెళ్లబోసుకుంటారు. 'ది ఆఫీస్' చూసినవారికి ఈ పద్ధతి కొట్టిన పిండే.

ఈ ఎంపికే నాకు నచ్చింది. మూలంలో కర్మిట్ తెర వెనక పడే అవస్థ రెండు నిమిషాల ముక్కలుగా వచ్చిపోయేది. ఇక్కడ అదే అసలు కథ. పొద్దున లేచి పనికి వెళ్లి, మొండి తారను బుజ్జగించి, స్నేహితుడి మనసు నొప్పించకుండా అతని రాత బాగోలేదని చెప్పలేక నలిగిపోయే మధ్యవయసు కప్ప. బోబో అనే ఎలుగుబంటి కూతురి బృందం కోసం ఆఫీసులో బిస్కెట్ డబ్బాలు అంటగట్టడానికి పడే పాట్లు చూడండి. సహోద్యోగి బల్ల దగ్గరికొచ్చి చీటీ పుస్తకమో, విరాళాల రసీదో తీసినప్పుడు మనం పెట్టే ముఖాలే ఆ బొమ్మల ముఖాలు కూడా.

అయితే సిరీస్ మొదలవకముందే వివాదం మొదలైంది. 2015 ఆగస్టులో పిగ్గీ, కర్మిట్ విడిపోయారని నిజమైన సినీతారల వార్తలాగా ప్రకటించారు. డెనీస్ అనే మరో పందితో కర్మిట్ తిరుగుతున్నాడని తెలిసి అభిమానులు అలిగారు. వన్ మిలియన్ మామ్స్ అనే సంప్రదాయవాద బృందం బహిష్కరణకు పిలుపిచ్చింది. పెద్దల హాస్యమని ప్రచారం చేసిన కార్యక్రమాన్ని మంగళవారం రాత్రి ఎనిమిదింటికి, కుటుంబమంతా టీవీ ముందు కూర్చునే వేళకు వేశారు. సెప్టెంబరు 22న మొదటి ఎపిసోడ్‌ను దాదాపు 90 లక్షల మంది చూశారు. ఆ తర్వాత సంఖ్య వారం వారం జారిపోయింది.

బొమ్మలు పెద్దల మాటలు మాట్లాడటమే తప్పన్న వాదన తెలుగువారికి అంత తేలిగ్గా ఎక్కదు. మన తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టాల మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి మాట్లాడే మాటల ముందు మిస్ పిగ్గీ మాటలు శాకాహారం. బొమ్మ నోటి నుంచి వస్తే ఎంత మాటయినా చెల్లుతుందన్న సంగతి తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట కళాకారులను అడిగితే చెబుతారు. 2015 సిరీస్‌లో లోపం అది కాదు. మొదటి కొన్ని ఎపిసోడ్లలో పాత్రలు ఒకరిమీద ఒకరు కాస్త కఠినంగా, అలసటగా ఉంటాయి. కర్మిట్ మరీ విసుగ్గా ఉంటాడు. ఎంత గొడవ జరిగినా ఈ గుంపుకు ఒకరంటే ఒకరికి ప్రాణం అన్న నమ్మకం మపెట్లకు పునాది. ఆ నమ్మకమే అక్కడ కొంచెం సన్నగిల్లింది.

దీన్ని తయారీదారులూ గుర్తించారు. పది ఎపిసోడ్ల తర్వాత విరామం తీసుకున్నారు. కుషెల్ తప్పుకున్నాడు, క్రిస్టిన్ న్యూమన్ పగ్గాలు పట్టుకుంది. 2016 ఫిబ్రవరి 2 నుంచి మార్చి 1 దాకా వచ్చిన చివరి ఆరు ఎపిసోడ్లు వేరే గాలి పీల్చినట్టు ఉంటాయి. పాష్ అనే బ్రాండింగ్ నిపుణుడు వచ్చి షోను కుర్రకారుకు నచ్చేలా మార్చేస్తానంటాడు. ఆ పాత్ర వేసినది భారతీయ మూలాలున్న ఉత్కర్ష్ అంబూద్కర్. నెట్‌వర్క్ తమ సిరీస్‌కు చేయమన్న మరమ్మతునే కథలో విలన్‌గా పెట్టుకున్నారేమోనని నా అనుమానం.

ఆ ఆరింటిలో రెండు తప్పక చూడాలి. 'ఎ టెయిల్ ఆఫ్ టూ పిగ్గీస్'లో ఎర్రతివాచీ మీద ఫొటోలకు నిలబడిన పిగ్గీ గౌను వెనక నుంచి తోక బయటపడుతుంది. ఉంగరం తిరిగిన చిన్న తోక. అందరూ అశ్లీలం అన్నట్టు నోళ్లు వెళ్లబెడతారు. నెట్‌వర్క్ క్షమాపణ కోరుతుంది. పందికి తోక ఉండటం తప్పెలా అవుతుందన్నది పిగ్గీ ప్రశ్న. చెప్పదలచిన మాట మీకు ఎప్పుడో అర్థమవుతుంది, కానీ ఒక బట్టబొమ్మకు జరిగిన అవమానం చూసి మీకే ముఖం వేడెక్కుతుంది. 'లిటిల్ గ్రీన్ లై'లో కర్మిట్ మేనల్లుడు రాబిన్ చూడటానికి వస్తాడు. పసివాడికి విడిపోయిన సంగతి చెప్పలేక ఇద్దరూ ఇంకా కలిసే ఉన్నట్టు నటిస్తారు. మన ఇళ్లలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎడముఖం పెడముఖంగా ఉన్న జంటలు పెద్దల ముందు ఆడే నాటకమే ఇది. అందుకే ఏ అనువాదమూ అక్కర్లేకుండా మనకు తగులుతుంది.

మొదటి పదిలో మాత్రం ఏరుకోండి. బోబో బిస్కెట్లున్న 'హోస్టైల్ మేకోవర్' బాగుంటుంది. 'గోయింగ్ గోయింగ్ గాంజో'లో రాక్ సంగీతకారుడు డేవ్ గ్రోల్‌తో మపెట్ల డ్రమ్మర్ ఏనిమల్ డ్రమ్ముల పోటీ ఉంటుంది, దాని కోసమే ఎపిసోడ్ అంతా చూడొచ్చు. తొలి ఎపిసోడ్ పాత్రల ఉద్యోగాలు తెలుసుకోవడానికి తప్పదు. మానవ కన్యను ప్రేమించిన ఫాజీ ఆమె తల్లిదండ్రులను కలిసే భోజనం దృశ్యం నాకు సగమే నచ్చింది. కాబోయే అల్లుడు ఎలుగుబంటి అన్న ఒక్క జోకును చాలాసేపు లాగారు.

చేతుల గురించి ఒక మాట

ఈ సిరీస్‌ను నేను వెనకేసుకురావడానికి మరో కారణం బొమ్మలాడించే పని. నాటకశాలలో బొమ్మకు ముందు గోడో, గట్టో ఉంటుంది. దాని వెనక మనిషి దాక్కుంటాడు. ఆఫీసు కథలో అలా కుదరదు. బల్లలు, వరండాలు, కార్లు, బారు అన్నీ ఉండాలి, వాటిలో బొమ్మలు మామూలుగా మసలాలి. అందుకని సెట్టును ఎత్తున కట్టి, నేలను అవసరమైన చోట తెరిచి ఉంచుతారు. మనిషి కింద నిలబడి చెయ్యి తలపైకెత్తి బొమ్మను ఆడిస్తాడు. తన బొమ్మ ఎలా కనబడుతోందో చిన్న తెర మీద చూసుకుంటూనే గొంతూ ఇస్తాడు. కర్మిట్ తలలో ఉండేది ఒక చెయ్యి, రెండో చెయ్యి సన్నని కడ్డీలతో అతని చేతులను కదుపుతుంది. ఫాజీకైతే మరో మనిషి కూడా కావాలి, ఎందుకంటే అతని చేతుల్లో నిజమైన చేతులుంటాయి.

కర్మిట్ కళ్లు కదలవు. కనుబొమలు లేవు. ముఖమంతా మెత్తని గుడ్డ. బాధ వచ్చినప్పుడు లోపలి పిడికిలి బిగిస్తే మూతి ముడుచుకుపోతుంది, అంతే. డాక్యుమెంటరీ తరహా కావడంతో కెమెరా ఆ ముఖానికి చాలా దగ్గరగా వెళ్లి, అక్కడే ఆగుతుంది. పిగ్గీ ఏదో అన్నాక కర్మిట్ కెమెరా వైపు తిరిగి ఏమీ అనకుండా మూతి ముడిచే క్షణాలున్నాయి. వేళ్లు చేసే నటన అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. 1990లో హెన్సన్ చనిపోయాక కర్మిట్ స్టీవ్ విట్‌మైర్ చేతికి వచ్చాడు. 2017 నుంచి మాట్ వోగెల్ చేస్తున్నాడు. విట్‌మైర్ కర్మిట్ ప్రధాన పాత్రగా వచ్చిన ఆఖరి సిరీస్ ఇదే. ఈ ఒక్క కారణానికైనా దీనికి అల్మారాలో చోటు దక్కాలి.

మిగతావాటి సంగతి

1996 నాటి 'మపెట్స్ టునైట్' మూలాన్ని టీవీ స్టేషన్‌లోకి మార్చి చేసిన ప్రయత్నం. వ్యాఖ్యాతగా క్లిఫర్డ్ అనే బొమ్మ. ఏబీసీలో మొదలై డిస్నీ చానల్‌కు చేరి 22 ఎపిసోడ్లతో ముగిసింది. రొయ్య పేపే పుట్టింది ఇందులోనే, ఆ రుణం తీర్చలేనిది. కానీ అధికారికంగా దొరకడం కష్టం, వెతికి మరీ చూడాల్సినంత అవసరమూ లేదు.

2020 నాటి 'మపెట్స్ నౌ' ఆరు ఎపిసోడ్లు. ఆన్‌లైన్ వీడియోల నకలు. స్వీడిష్ షెఫ్ వంట పోటీలు, బన్సెన్, బీకర్ ప్రయోగశాల పేలుళ్లు సరదాగా ఉంటాయి, మిగతా అంకాలు చప్పగా. వంట చేస్తూ ఒక అరగంట పెట్టుకోవడానికి పనికొస్తుంది.

2015 సిరీస్‌కు నిజమైన పోటీ 2023 నాటి 'ది మపెట్స్ మేహెమ్'. డాక్టర్ టీత్ బృందం, అంటే మపెట్ల వాద్యబృందం, ఏనాడో అడ్వాన్సు తీసుకుని ఆల్బం మాత్రం చేయలేదు. మునిగిపోతున్న రికార్డు కంపెనీలో పనిచేసే నోరా సింగ్ వాళ్లతో ఆ ఆల్బం పూర్తి చేయించాలి. ఆ పాత్రలో లిల్లీ సింగ్, ఆమె చెల్లెలుగా సారా చౌదరి. పది ఎపిసోడ్లూ ఒకే కథగా సాగుతాయి, మనసు మెత్తగా ఉంటుంది, 2015 సిరీస్‌లో లోపించిన ఆప్యాయత ఇక్కడ మొదటి నిమిషం నుంచీ ఉంది. ఇదీ ఒక్క సీజన్‌తోనే ఆగింది. రెండూ పక్కపక్కన పెడితే: సాయంత్రం హాయిగా గడవాలంటే మేహెమ్, నవ్వులో కొంచెం చేదు ఉన్నా ఫర్వాలేదంటే 2015. మేహెమ్‌లో కథ బరువంతా మనుషులు మోస్తారు, బొమ్మలు వాళ్ల చుట్టూ అల్లరి చేస్తాయి. 2015లో బరువు కూడా బొమ్మలదే. నా మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు. అయితే పాటలు ముఖ్యమనుకునేవారు నా మాట వినకుండా మేహెమ్ పెట్టుకోండి.

నవ్వే వద్దు, గంభీరమైన కథ కావాలంటే హెన్సన్ వంశంలోదే మరొకటుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది డార్క్ క్రిస్టల్: ఏజ్ ఆఫ్ రెసిస్టెన్స్'. 1982 నాటి సినిమాకు ముందు జరిగిన కథ. పది ఎపిసోడ్లూ లూయి లెటెరియేనే తీశాడు. అడవులు, కోటలు, రాబందుల్లాంటి రాక్షసులు, చాలావరకు చేత్తో చేసినవే. 2020 సెప్టెంబరులో పిల్లల కార్యక్రమంగా ఎమ్మీ గెలిచింది, అదే నెలలో రద్దయిన వార్తా వచ్చింది. పిల్లల కార్యక్రమం అన్న మాటను నమ్మి చిన్నపిల్లలకు పెట్టకండి, భయపడతారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి: ఆడించేవారు వేరు, గొంతులిచ్చిన సినీతారలు వేరు. మపెట్లలో చెయ్యీ గొంతూ ఒకే మనిషివి. ఆ మనిషి అప్పటికప్పుడు మాట మారిస్తే బొమ్మ కూడా క్షణంలో మారుతుంది. మపెట్ల హాస్యంలో ఆ చురుకు అక్కడి నుంచే వస్తుంది.

ఎవరికి ఏది?

పదేళ్లలోపు పిల్లలుంటే మూలమే. 2015 సిరీస్‌లో బూతు లేదు కానీ బారు, విడిపోవడాలు, ఆఫీసు రాజకీయాలు ఉన్నాయి. పిల్లలకు అవి తప్పు అనడం కన్నా విసుగు అనడం సబబు.

అమెరికాలో పెరిగిన మనవలతో ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మమ్మా తాతయ్యలు కలిసి చూడాలనుకుంటే, ఇంగ్లీషు శ్లేషలు అడ్డం పడతాయి. అలాంటప్పుడు స్వీడిష్ షెఫ్, బీకర్, ఏనిమల్ ఉన్న అంకాలు ఏరండి. షెఫ్ మాట్లాడేది ఏ భాషా కాదు, బీకర్ 'మీ మీ' తప్ప పలకడు, ఏనిమల్‌కు అరుపే మాట. తాతకూ మనవడికీ సమానంగా అర్థమవుతారు. మూలంలో ఇవి కావలసినన్ని ఉన్నాయి.

ఆఫీసు హాస్యం ఇష్టపడే పెద్దవారైతే మొదట మూలం నుంచి ఒకటి రెండు చూసి కర్మిట్‌తో పరిచయం చేసుకోండి. ఆ తర్వాత 2015లో తొలి ఎపిసోడ్, 'హోస్టైల్ మేకోవర్', 'గోయింగ్ గోయింగ్ గాంజో', వెంటనే 'స్వైన్ సాంగ్' నుంచి చివరి ఆరూ వరసగా. నచ్చితే వదిలేసినవాటికి వెనక్కి రండి. రెండు సాయంత్రాల పని. చివరి ఎపిసోడ్ 'బికాజ్... లవ్' పెళ్లిపందిట్లో ముగుస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి.

పాత అభిమానులై ఉండి, 2015లో రెండు ఎపిసోడ్లు చూసి కోపంతో కట్టేసినవారైతే మీ కోపం న్యాయమే. 'లిటిల్ గ్రీన్ లై' ఒక్కటి చూడండి. అదీ నచ్చకపోతే ఈ సిరీస్ మీది కాదు, మేహెమ్‌కు వెళ్లిపోవచ్చు.

ఇక ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న. అమెరికాలో ఉన్నవారికి మూలం, 2015, 2020, 2023 సిరీస్‌లు డిస్నీ ప్లస్‌లో ఉన్నాయి. ఇతర దేశాల్లో ఈ జాబితా మారుతుంది, నెలలు గడిచేకొద్దీ కూడా మారుతుంది, కాబట్టి చందా కట్టే ముందే పేరు కొట్టి వెతుక్కోండి. వెతికేటప్పుడు 'ది మపెట్స్' అని మాత్రమే కొడితే 2011 సినిమా ముందుకొస్తుంది. పక్కన సంవత్సరం కూడా చేర్చండి. 2018 నాటి 'మపెట్ బేబీస్' కనబడితే అది యానిమేషన్, బొమ్మలాట కాదు.